ఆవఘాటు, వాముపువ్వు – పోపుడబ్బా చరిత్రలో ఒక పరిశీలన

మన వంటింటి పోపుడబ్బాకు ఈ కాలంలో జరుగుతున్నంత సన్మానం మరి దేనికీ జరగడం లేదు. పసుపు సూక్ష్మజీవులను సంహరిస్తుందనీ, మిరియం కడుపును శుద్ధి చేస్తుందనీ, ఇవన్నీ ఎరిగియే మన పెద్దలు వంటలో వీటిని విధించారనీ పెండ్లిపందిళ్ళు మొదలుకొని సెల్‌ఫోను సందేశాల వరకు ఎక్కడ చూచినా ఇదే మాట. దీనికి ఎదురుగా, ఇదంతా అమ్మమ్మల కాలక్షేపమని కొట్టివేసే విద్యావంతులూ ఉన్నారు. రెండు పక్షాలలోనూ సగపాలు నిజం ఉన్నది. ఆ సగం ఏదో, మిగిలిన సగం ఏదో తేల్చుకోవాలంటే చరిత్రను కొంచెం తిరగవేయక తప్పదు.

నేను వైద్యుణ్ణి కాను, రసాయనశాస్త్రం చదివినవాణ్ణీ కాను. ముప్పై ఏళ్ళకు పైగా పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. అయితే ఒక మాట ఎక్కడ పుట్టి ఎట్లా మారి మన దాకా వచ్చిందో వెదకడం మా వృత్తిలో నిత్యకృత్యం. ఆ అలవాటుతోనే ఈ దినుసుల కథనూ వెదికాను. చదువరులు ఓపికతో పరిశీలింతురుగాక.

మిరియాల నీళ్ళలో తొలి దర్శనం

మానవుడు బాక్టీరియా అనే సూక్ష్మజీవిని మొట్టమొదట చూచినది ఎక్కడో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. హాలెండు దేశంలోని డెల్ఫ్టు పట్టణంలో ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ అనే బట్టల వర్తకుడు ఉండేవాడు. విశ్వవిద్యాలయం గడప తొక్కినవాడు కాడు, నాటి పండితభాష అయిన లాటిన్ రాదు. స్వయంగా అద్దాలు అరగదీసి సూక్ష్మదర్శినులు చేసుకొని, కనబడిన ప్రతి వస్తువునూ పరీక్షించేవాడు. మిరియానికి ఆ కారం ఎక్కడనుండి వచ్చిందని ఆయనకొక సందేహం కలిగింది. మిరియాలను నీటిలో నానవేసి కొన్ని వారాలు ఉంచి, 1676 ఏప్రిల్‌లో ఆ నీటిచుక్కను చూచాడు. కారానికి కారణం కనబడలేదు గాని, లెక్కకందని అతిసూక్ష్మ ప్రాణులు అందులో ఈదులాడుతూ కనబడ్డాయి. ఆ సంవత్సరం అక్టోబరులో లండనులోని రాయల్ సొసైటీకి జాబు వ్రాశాడు. మొదట వారు నమ్మలేదు. 1677 నవంబరులో రాబర్ట్ హుక్ అదే మిరియాల నీటితో ఆ ప్రయోగాన్ని సభ్యుల ఎదుట చేసి చూపిన తరువాతనే నమ్మారు.

ఇందులోని చమత్కారాన్ని గమనించండి. సూక్ష్మజీవులను చంపుతుందని మనం ఏ మిరియాన్ని పొగుడుతున్నామో, ఆ మిరియం నానిన నీళ్ళలోనే అవి వర్ధిల్లి మనుష్యుడికి తొలిసారి దర్శనమిచ్చాయి! నాలుకకు కారమైనది సూక్ష్మజీవికీ కారం కానక్కరలేదన్న పాఠం ఆనాడే మన ముందు ఉన్నది. దానిని చదువుకొనడానికి మరి రెండు వందల ఏళ్ళకు పైగా పట్టింది.

ఆవకాయ అనే సమాసం

మిరియం సంగతి అట్లుండగా, ఆవాల సంగతి వేరు. తరగతిలో మధ్యమపదలోపి సమాసానికి నేను తరచుగా చెప్పిన ఉదాహరణ 'ఆవకాయ'. ఆవపిండి పెట్టిన కాయ ఆవకాయ. ఎర్రగా కనబడేది మిరప, వేళ్ళకు అంటేది నూనె, నాలుకకు ముందు తగిలేది ఉప్పు. అయినా పేరు మాత్రం ఆవకు దక్కింది. మిరపకాయ పోర్చుగీసువారి ఓడలమీద అమెరికా ఖండంనుండి మన దేశానికి చేరినది పదహారవ శతాబ్దిలో. ఆవ అంతకు ఎన్నో శతాబ్దాల ముందే సర్షపమనీ, రాజిక అనీ సంస్కృతంలోకి ఎక్కిన పాతకాపు.

ఆవగింజను నోటిలో వేసుకొని ఊరక ఉంటే ఘాటు తెలియదు. కొరికితే తెలుస్తుంది. పొడిచేసి నీటితో తడిపితే కన్నూ ముక్కూ ఏకమవుతాయి. దీని రహస్యాన్ని ఆంటువాన్ బుస్సీ అనే ఫ్రెంచి రసాయనవేత్త 1840లో ఛేదించాడు. ఆవగింజలో రెండు పదార్థాలు వేరువేరు అరలలో ఉంటాయి. ఒకటి సినిగ్రిన్, దానికి ఘాటు లేదు. రెండవది మైరోసినేజ్ అనే ఎంజైము, దానికీ ఘాటు లేదు. గింజ నలిగి, తడి తగిలి, ఆ రెండూ కలిసినప్పుడు మాత్రమే ఘాటైన నూనె పుడుతుంది. రసాయనశాస్త్రం దానిని అల్లైల్ ఐసోథయోసయనేట్ అంటుంది. పురుగు కొరికినప్పుడు మొక్క తన్ను తాను కాపాడుకొనడానికి ప్రకృతి ఏర్పరచిన ఆయుధమిది. ఈ ఆవిరి బాక్టీరియానూ బూజునూ కూడా అణచగలదని తరువాతి పరిశోధనలు నిరూపించాయి. జపానులో ఆహారపు పొట్లాలలో ఈ ఆవిరిని కొంచెం కొంచెంగా విడుదల చేసే పలకలు కూడా వాడుకలోకి వచ్చాయి.

అయితే ఈ ఎంజైముకు వేడి పడదు. కాగిన నూనెలో చిటపటలాడిన ఆవాలకు సువాసన ఉంటుంది గాని, ఘాటు ఉండదు. కనుక పోపులో వేసిన చిటికెడు ఆవాలు కూరలోని సూక్ష్మజీవులను చంపుతాయని అనుకొనడం అవివేకం. ఇప్పుడు మన ఇల్లాండ్రు చేసే పని చూడండి. అరటికాయకో పనసపొట్టుకో ఆవ పెట్టేటప్పుడు, పచ్చి ఆవాలు నూరి, కూరను పొయ్యిమీదనుండి దింపిన తరువాతనే కలుపుతారు. పొయ్యిమీద ఉండగా కలిపితే ఆవఘాటు చచ్చిపోతుందని వారికి తెలుసు. ఆవకాయకూ ఎండలో పెట్టిన ఆవాలను పిండి కొట్టి పచ్చిగానే కలుపుతారు. పొయ్యి ప్రసక్తే లేదు. ఎంజైము అనే పేరు వారు వినలేదు. బుస్సీని వారు ఎరుగరు. కాని ఏ మెట్టులో తప్పితే ఘాటు పోతుందో ఎరుగుదురు.

పోపులో వేసేది చెంచాడు ఆవాలు. ఆవకాయకు పోసేది సోలలకొద్దీ పిండి. దినుసు ఒకటే, మోతాదూ విధానమూ వేరు. మరొక సంగతి కూడా చెప్పాలి. ఆ ఆవఘాటు ఏడాది పొడుగునా నిలవదు. నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. జాడీలోని ఆవకాయ మరుసటి వేసవి దాకా చెడకుండా ఉండడానికి ముఖ్యకారణాలు పచ్చిమామిడి పులుపు, కాయలోని నీటిని లాగివేసి ఊటగా మార్చే ఉప్పు, గాలిని తాకనీయకుండా పైన తేలే నువ్వులనూనె. ఆవ ఈ మువ్వురికీ తోడుగా వచ్చిన నాలుగవది. ముక్కను తడిలేకుండా తుడవడం, మూడవనాడు తిరగకలపడం, జాడీకి వాసెన కట్టడం, తడిచేయి పెట్టనీయకపోవడం – ఇవి దినుసులు కావు, విధులు. అయినా ఆవకాయకు అసలు ప్రాణం వీటిలోనే ఉన్నది.

వాముపువ్వు ప్రయాణం

ఆవ కథ వంటింటిలో నడిచింది. వాము కథ సముద్రాలు దాటింది. వామును సంస్కృతంలో యవాని అంటారు. పసిబిడ్డకు కడుపునొప్పి వస్తే వామునీరు పట్టడం మన ఇళ్ళలో పాత ఆచారం. మూలికలు అమ్మే దుకాణాలలో 'వాముపువ్వు' అని తెల్లని పలుకులు అమ్ముతారు. పువ్వు అన్నమాటేగాని అది పూచినది కాదు. వామును బట్టీ పట్టి తీసిన తైలంనుండి పేరుకొన్న స్ఫటికం. దానిని కర్పూరంతోనూ పుదీనా పువ్వుతోనూ కలిపితే మూడు గట్టి పదార్థాలూ కరిగి ద్రవమైపోతాయి. అదే మన అమృతధార.

ఐరోపాలో ఇదే వస్తువు వేరొక దారిన బయటపడింది. 1719లో కాస్పర్ నాయిమన్ అనే జర్మను ఔషధవేత్త థైమ్ అనే మొక్క తైలంనుండి ఒక స్ఫటికాన్ని వేరుచేశాడు. 1853లో ఫ్రెంచివాడైన లాల్లెమాన్ దానిని శుద్ధిచేసి థైమాల్ అని పేరు పెట్టాడు. ఆ తరువాత మూడేళ్ళలోపల, పూనా మొదలైన దక్కను పట్టణాల బజారులలో 'అజ్వాయన్‌కా ఫూల్' అన్న పేర అమ్ముడుపోతున్న స్ఫటికమూ, ఐరోపావారి థైమాలూ ఒకటేనని స్టెన్‌హౌస్, హెయిన్స్ అనే రసాయనవేత్తలు తేల్చారు. అంటే ప్రయోగశాల పేరు పెట్టకముందే మన బజారు దానికి పువ్వు అని పేరు పెట్టి అమ్ముతూ ఉన్నది. 1868లో వెలువడిన 'ఇండియా ఫార్మకోపియా'లో వామునీరుకు చోటు దక్కింది.

అటు తరువాత థైమాల్ వైభవం చెప్పతరం కాదు. 1879లో అమెరికాలోని సెంట్‌లూయిస్ నగరంలో జోసెఫ్ లారెన్సు అనే వైద్యుడు తయారుచేసి, శస్త్రచికిత్సలో శుభ్రతకు ఆద్యుడైన జోసెఫ్ లిస్టరు పేరు తగిలించిన లిస్టరిన్‌లో ఉన్నది థైమాలే. ఇంచుమించు ఆ కాలంలోనే, ఆల్ప్స్ పర్వతాలలో గోథార్డు సొరంగం త్రవ్విన కూలీలను కొంకిపురుగు వ్యాధి పీడించగా, ఇటలీ వైద్యుడు బొత్సోలో థైమాల్‌తో చికిత్స చేశాడు. 1909లో అమెరికా దక్షిణరాష్ట్రాలలో రాక్‌ఫెల్లర్ సంస్థ ఆ వ్యాధిపై సాగించిన ఉద్యమంలోనూ ప్రధానౌషధం ఇదే. ఆ మందు మింగిన రోగిని సారాయి తాగవద్దని గట్టిగా హెచ్చరించేవారు. సారాయిలో థైమాల్ కరిగి రక్తంలో కలిస్తే ప్రాణానికే ముప్పు. పురుగును చంపగలిగినది మనిషిని మాత్రం ఎందుకు వదులుతుంది? సహజమైనది కనుక నిరపాయమని అనేవారు ఈ సంగతిని గుర్తుంచుకోవాలి.

1914కు ముందు మన దేశపు వాములో చాలాభాగం జర్మనీకి పోయేది. అక్కడ థైమాల్ తీసి లోకానికంతటికీ అమ్మేవారు. ప్రథమ ప్రపంచయుద్ధం రావడంతో ఆ దారి మూసుకొనిపోయింది, ధర ఆకాశానికి అంటింది. వాము పండే దేశంలోనే దానిని బట్టీ పట్టవచ్చునన్న తెలివి పాలకులకు అప్పుడు కలిగింది. తరువాత క్రెసాల్‌నుండి కృత్రిమంగా థైమాల్ చేయడం వచ్చాక వామును అడిగేవారు తగ్గారు. మన కర్నూలు ప్రాంతపు నల్లరేగడి చేలలో వాము నేటికీ పండుతున్నది. అయితే ఆ గింజకు ఇంత చరిత్ర ఉన్నదని దానిని కోసే చేతులకు చెప్పినవారు లేరు.

థైమాల్ పనిచేసే తీరును ఈనాటి శాస్త్రం ఇట్లా వివరిస్తున్నది. సూక్ష్మజీవి శరీరాన్ని ఆవరించి ఉన్న సన్నని పొరలో కొవ్వు ఉంటుంది. థైమాల్ ఆ కొవ్వులో చొరబడి పొరకు చిల్లులు పొడుస్తుంది. లోపలి లవణాలూ శక్తిద్రవ్యాలూ బయటికి కారిపోయి జీవి నశిస్తుంది. కుండ పగులకుండానే నీరు ఊటగా కారిపోవడం వంటిది. లవంగంలోని యూజెనాల్ పని కూడా దాదాపు ఇటువంటిదే.

ప్రయోగశాలలో పోపుడబ్బా

ఇక దినుసులన్నిటినీ వరుసన నిలబెట్టి పరీక్షించిన కథ. 1887లో పారిస్‌లో పాశ్చర్ శిష్యుడు షాంబర్లాన్ రకరకాల సుగంధతైలాలను దొమ్మవ్యాధి బాక్టీరియా మీద ప్రయోగించి, ఫలితాలను ప్రకటించాడు. ఆస్పత్రులలో పరికరాలను ఆవిరితో శుద్ధిచేసే ఆటోక్లేవు పెట్టెను 1879లో కనిపెట్టినదీ ఈయనే. సుగంధతైలాల శక్తిని కొలిచినవాడే, శుద్ధికి మాత్రం ఆవిరి వేడిని నమ్ముకొన్నాడన్నమాట.

1911లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో కాన్రాడ్ హాఫ్‌మన్, ఏలిస్ ఇవాన్స్ అనే ఇద్దరు ఆహారం చెడకుండా కాపాడే శక్తి ఏ దినుసుకు ఎంత ఉన్నదని పరీక్షించారు. దాల్చినచెక్క, లవంగం, ఆవ – ఈ మూడూ గట్టివని తేలింది. అల్లం, మిరియం, మిరపకారం – ఈ మూడూ బలహీనమైనవి. మన ఊరగాయలను ఎర్రని కారమే కాపాడుతున్నదని అనుకొనేవారికి ఇది కనువిప్పు. లీవెన్‌హుక్ మిరియాల నీరు 1676లో చూపిన సంగతినే వీరు 1911లో తూచి చెప్పారు.

ఆ ఏలిస్ ఇవాన్స్ తరువాతి జీవితం ఇంకా గొప్పది. పచ్చిపాలలో ఉండే ఒక బాక్టీరియా పశువులకే కాక మనుష్యులకూ జ్వరం తెస్తుందని ఆమె 1918లో ప్రకటించింది. పరిశోధకురాలు స్త్రీ, పైగా డాక్టరేటు లేనిది. పెద్దలు చాలామంది నమ్మలేదు. ఆమెకే ఆ జ్వరం సోకి ఏళ్ళ తరబడి బాధించింది. చివరికి ఆమె మాటే నిలిచింది. 1928లో అమెరికా బాక్టీరియా శాస్త్రజ్ఞుల సంఘానికి తొలి మహిళా అధ్యక్షురాలయింది. దినుసుల బలాన్ని అంత శ్రద్ధగా తూచిన ఆ చేయి, పాల విషయంలో లోకానికి చెప్పిన ఉపాయం దాల్చినచెక్క కాదు, కాచడం.

వెల్లుల్లి చెప్పిన పాఠం

1944లో అమెరికాలో కావల్లీటో, బెయిలీ అనే పరిశోధకులు వెల్లుల్లినుండి అల్లిసిన్ అనే ద్రవ్యాన్ని వేరుచేశారు. ఎన్నో రకాల బాక్టీరియాలను అది అణచగలదని చూపారు. ఆవవలెనే వెల్లుల్లిలోనూ రెండు పదార్థాలు వేరువేరుగా ఉండి, రెబ్బ నలిగినప్పుడే కలిసి ఘాటును పుట్టిస్తాయి. ప్రయోగశాల పలకమీద అల్లిసిన్ విక్రమం చూచినవారెవరైనా వెల్లుల్లి ఉన్నచోట బాక్టీరియాకు చోటులేదని నమ్ముతారు.

1985లో కెనడాలోని వాంకూవరులో ఒక భోజనశాలలో తిన్నవారిలో 36 మందికి బొట్యులిజం అనే భయంకరమైన వ్యాధి సోకింది. కన్రెప్పలు వాలిపోయి, మాట తడబడి, ఊపిరితిత్తుల కండరాలదాకా చచ్చుబడే వ్యాధి అది. కారణం వెదికితే, తరిగిన వెల్లుల్లిని నూనెలో వేసి, చల్లని చోట పెట్టకుండా నిలవ ఉంచిన సీసా అని తేలింది. ఈ వ్యాధిని తెచ్చే బాక్టీరియా మట్టిలో ఉంటుంది, మట్టిలో పెరిగే వెల్లుల్లికి అంటుకొని వస్తుంది. దానికి గాలి పడదు. పైన నూనె పోస్తే గాలి ఆడదు గనుక దానికి పండుగ. తరువాత 1989లో అమెరికాలోనూ ఇటువంటి ఘటనే జరగగా, నూనెలో వేసిన వెల్లుల్లికి పులుపో మరొక రక్షణో తప్పక చేర్చాలని అక్కడి ప్రభుత్వ శాఖ నియమం చేసింది.

మరి మన ఆవకాయలోనూ వెల్లుల్లి ఉన్నది, పైన నూనె ఉన్నది, ఏడాది పొడుగునా బయటే ఉంటుంది. దానికి ఆ దోషం ఎందుకు కలగడం లేదు? ఆ బాక్టీరియా పీహెచ్ 4.6 కంటె తక్కువైన పులుపులో పెరగలేదు. పచ్చిమామిడి పులుపు అంతకు చాలా దిగువన ఉంటుంది. నూటికి పదిపాళ్ళు ఉప్పు ఉన్న నీటిలోనూ అది పెరగలేదు. ఊటలో ఆ ఉప్పూ ఉన్నది. అంటే మనలను కాపాడుతున్నది వెల్లుల్లి కాదు. వెల్లుల్లి వలన వచ్చే ప్రమాదంనుండి మనలను కాపాడుతున్నవి పులుపూ ఉప్పూను.

ఇది పుస్తకాలలోని చర్చ మాత్రమే కాదు. అమెరికాలో ఉన్న మా బంధువుల ఇంట ఒక అమ్మాయి, మామగారి రక్తపోటుకు భయపడి, ఆవకాయలో ఉప్పు సగానికి తగ్గించి, పులుపు తక్కువగా ఉండే కాయతో కలిపి, సీసాను వంటింటి గట్టుమీదనే ఉంచింది. "బాబాయిగారూ, ఆవా, పసుపూ, వెల్లుల్లీ అన్నీ వేశాను కదా, పాడు కాదు" అన్నది ఫోనులో. "అమ్మా, ఉప్పు తగ్గిస్తే తగ్గించు, మంచిదే. కాని అప్పుడది ఆవకాయ కాదు, పచ్చడి. ఫ్రిజ్‌లో పెట్టి కొద్దిరోజులలో తినేయండి" అన్నాను. నాలుగు స్తంభాల మంటపంలో రెండు స్తంభాలు తీసివేసి, మిగిలిన రెంటికీ పసుపు పూసి దండం పెడితే కప్పు నిలుస్తుందా?

మాత్ర అనే మాట

సంస్కృతంలో మాత్ర అంటే కొలత. మన తెలుగులో మందుబిళ్ళను మాత్ర అన్నదీ అందుకే. చరకసంహిత సూత్రస్థానంలో ఐదవ అధ్యాయానికి 'మాత్రాశితీయం' అని పేరు. మితమైన కొలతలో తినడాన్ని గురించినది. దినుసుల విషయంలో వివాదమంతా ఈ మాత్ర దగ్గరే తెగుతుంది.

ప్రయోగశాలలో మాంసరసం వంటి పలుచని ద్రవంలో బాక్టీరియాను పెంచి, అందులో తైలం వేసి పరీక్షిస్తారు. నిజమైన భోజనంలో కొవ్వు ఉంటుంది, మాంసకృత్తులు ఉంటాయి. అవి తైలాన్ని తమలో ఇముడ్చుకొని బాక్టీరియాకు గొడుగు పడతాయి. నెదర్లండ్సు శాస్త్రజ్ఞురాలు సారా బర్ట్ 2004లో ఈ పరిశోధనలన్నిటినీ సమీక్షించింది. ప్రయోగశాలలో చాలిన మోతాదుకు వెన్న తగ్గించిన పాలలో ఇంచుమించు రెండింతలు, సూపులో ఏబదింతలు, మెత్తని జున్నులో ఇరవై ఐదునుండి నూరింతలు కావలసివస్తుందని అందులో ఉన్నది. అంత తైలం వేసిన సూపును నోట పెట్టగలిగేవారు ఎవరు?

పసుపు సంగతి మరీ చిత్రం. దానిలోని కుర్‌కుమిన్‌ను 1815లోనే వేరుచేశారు. బాక్టీరియాపై దాని ప్రభావాన్ని 1949లో 'నేచర్' పత్రిక ప్రకటించింది. గాయం మాన్పే పసుపు గుణంపై అమెరికాలో 1995లో ఇచ్చిన పేటెంటును మన శాస్త్ర పారిశ్రామిక పరిశోధనా మండలి సవాలు చేసి 1997లో రద్దు చేయించింది. ఆ విజయం న్యాయమైనదే, మనం గర్వించదగినదే. అయితే పేటెంటు రద్దు కావడానికి కారణం ఆ వాడకం మనకు ముందునుండీ ఉన్నదని రుజువు కావడం. అంతేగాని, కూరలో వేసిన చిటికెడు పసుపు చద్దికూరను కాపాడుతుందని ఎవరూ తీర్పు ఇవ్వలేదు. కుర్‌కుమిన్ నీటిలో దాదాపు కరగదు. కరిగినా నిలకడ తక్కువ.

అన్నం ఉదాహరణ చూద్దాం. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా విత్తనాల వంటి రూపంలో బియ్యంలో దాగి ఉంటుంది. అన్నం ఉడికినా ఆ విత్తనాలు చావవు. వండిన అన్నం గంటల తరబడి గోరువెచ్చగా పడి ఉంటే మొలకెత్తి విషాన్ని విడుస్తాయి. ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. 1970ల మొదట్లో ఇంగ్లాండులోని చైనా భోజనశాలలలో వేపుడన్నం తిన్నవారికి వాంతులు కావడంతో ఈ సంగతి బయటపడింది. మన పులిహోర ప్రయాణాలకు ఎందుకు ఒదిగినదంటే, పసుపు వలన కాదు, చింతపండు పులుపు వలన. చూపులకు పచ్చగా ఉన్నా పులుపు చాలని పులిహోరకు ఆ రక్షణ లేదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2015లో ప్రకటించిన అంచనా ప్రకారం కలుషితాహారం వలన ఏటా 60 కోట్లమంది జబ్బుపడుతున్నారు, 4 లక్షల 20 వేలమంది మరణిస్తున్నారు. మృతులలో లక్షా పాతికవేలమంది ఐదేళ్ళు నిండని పసివారు. బడిపిల్లల భోజనాల వరుసలో ఏళ్ళపాటు నిలబడినవాడిగా ఈ లెక్క నాకు లెక్కగా కనబడదు.

దినుసే వాహనమైతే

వేడిదేశాలవారు ఎక్కువ దినుసులు వాడడానికి కారణం సూక్ష్మజీవుల భయమేనని అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో బిల్లింగ్, షెర్మన్ అనేవారు 1998లో ఒక సిద్ధాంతం చేశారు. 36 దేశాల వంటపుస్తకాలు తిరగవేసి, ఎండ పెరిగేకొద్దీ దినుసులు పెరుగుతున్నాయని చూపారు. మనవారికి అది బాగా నచ్చింది. 2021లో ఆస్ట్రేలియాకు చెందిన లిండెల్ బ్రోమ్‌హామ్ బృందం 70 వంటసంప్రదాయాలలోని 33,750 వంటకాలను పరీక్షించి, ఆ సిద్ధాంతానికి తగిన ఆధారం లేదని తేల్చింది. పేదరికమూ అనారోగ్యమూ ఉన్నచోట దినుసులు ఎక్కువగా కనబడినంతమాత్రాన ఒకటి రెండవదానికి కారణమని చెప్పలేమన్నారు. మొదటి మాటను ఊరూరా చాటినవారు రెండవ మాటను చాటినట్టు కనబడదు.

పైగా దినుసే సూక్ష్మజీవిని మోసుకొనివచ్చే సందర్భమూ ఉన్నది. 2009–10లో అమెరికాలో సలామీ అనే నిలవమాంసం తిని 44 రాష్ట్రాలలో 272 మంది జబ్బుపడ్డారు. దానికి మూలం పైన అద్దిన మిరియాలు, ఎండుమిరప. 2007–2009 మధ్య అమెరికాకు దిగుమతి అయిన దినుసుల సరుకులో నూటికి ఇంచుమించు 7 వంతులలో సాల్మొనెల్లా ఉన్నదని అక్కడి ఆహారశాఖ 2013లో ప్రకటించింది. కల్లంలో నేలమీద ఆరబోసినదానికి పక్షీ, ఎలుకా, దుమ్మూ తగలక తప్పదు. పొడిగా ఉన్నంతకాలం ఆ జీవి పెరగదు గాని చావదు కూడా. తడి తగిలిననాడు మేల్కొంటుంది. వండేటప్పుడు వేసిన కారానికి భయంలేదు. వండి దింపి, చల్లారిన తరువాత పైన చల్లిన పొడితోనే జాగ్రత్త.

మన పెద్దలకు ఏమి తెలుసు?

ఇంతకూ మన పెద్దలకు ఏమి తెలుసు, ఏమి తెలియదు? క్రిములలో కొన్ని కంటికి కనబడనంత సూక్ష్మములని చరకసంహిత విమానస్థానంలోనే ఉన్నది. అది గొప్ప ఊహ. కాని అన్నాన్ని పాడుచేసేది అవేనని ఎవరూ చెప్పలేదు. చెప్పారని మనం కల్పించనక్కరలేదు. వారికి తెలిసినది అంతకంటె ఉపయోగకరమైనది. ఏది ఎంతకాలం నిలుస్తుందో తెలుసు. ఏ పని తప్పితే పాడవుతుందో తెలుసు. నిలవ అన్నాన్ని పర్యుషితమని పేరు పెట్టి దూరంగా ఉంచారు. దింపిన తరువాత ఆవ పెట్టారు, పచ్చిగానే పిండి కలిపారు, తడిచేయి తగలనీయలేదు, వాసెన కట్టారు. వారి జ్ఞానం ద్రవ్యంలో లేదు, విధిలో ఉన్నది.

మనం చేస్తున్నది దీనికి తలక్రిందులు. ద్రవ్యానికి స్తోత్రం చదువుతున్నాము, విధిని మడి అనీ చాదస్తమనీ విడిచిపెట్టాము. చేతులు కడుగుకొనడం, తగినంత ఉడికించడం, వేడిగా ఉండగానే వడ్డించడం, మిగిలినదానిని త్వరగా చల్లబరచి ఫ్రిజ్‌లో పెట్టడం – ఇవి ఈనాటి విధులు. దాల్చినచెక్కకూ లవంగానికీ వాముకూ నిజమైన బలం ఉన్నది. శాస్త్రం దానిని ఒప్పుకొని, పేరు పెట్టి, తూచి చూపింది. ఆ బలం ఈ విధులకు తోడు రాగలదు గాని వీటి బదులు నిలవలేదు. పోపుడబ్బాను ప్రేమిద్దాం, దాని పక్కన సబ్బుబిళ్ళనూ ఉంచుదాం.